మందుచీటీ రాయని వైద్యుడు: యెల్లాప్రగడ సుబ్బారావు



మన దేవాలయ సంఘం వార్షికోత్సవ సంచికకు ఏటా ఒక ఆరోగ్య వ్యాసం రాసి ఇవ్వటం నాకు అలవాటు. మధుమేహం గురించి, రక్తపోటు గురించి, ఇంత ఎండ ఉన్న దేశంలోనూ మనవారికి తగ్గిపోయే డి విటమిన్ గురించి రాశాను. ఈసారి ఒక జీవితకథ రాస్తున్నాను. దానికి కారణం ఒక తల్లి. ఉగాది నాడు అన్నప్రసాద వితరణ ముగిశాక ఆమె నన్ను చెప్పుల అరల వైపు తీసుకువెళ్లి కన్నీరు పెట్టుకొన్నారు. కుమార్తె వైద్యవిద్య పూర్తిచేసింది, ఇంటర్న్‌షిప్ ముగించింది, మరో రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేసింది. ఇప్పుడు ఇక రోగులను చూడనని, ఔషధ పరిశోధన వైపు వెళతానని అంటున్నదట. ఇంత చదువు వ్యర్థమైపోతున్నదని ఆమె ఆవేదన. అమ్మాయికి నచ్చజెప్పే బాధ్యత నాకు అప్పగించారు. నేను సరేనన్నాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, నచ్చజెప్పటానికి నా వద్ద వాదన ఏదీ మిగలలేదు. నా వృత్తినే ఒకసారి చూసుకొన్నాను.

నేను జనరల్ ప్రాక్టీషనర్‌ను. కీళ్లవాతంతో బాధపడేవారికి తరచుగా రెండు మందులు ఒకే చీటీ మీద రాస్తాను. మొదటిది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్. రెండవది దాని దుష్ఫలితాలు తగ్గించే ఫోలిక్ ఆమ్లం. ఈ రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒకే మనిషి పర్యవేక్షణలో రూపుదిద్దుకొన్నాయి. ఆ మనిషి మనవాడు. ఆయనకు వైద్యపట్టా ఉన్నది. కానీ ఆయన జీవితంలో వైద్యవృత్తి చేసింది దాదాపు లేదు.

యెల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మన పిల్లల సన్మాన సభల్లో వినిపించే తరహా బాల్యం ఆయనది కాదు. చదువు మీద శ్రద్ధ లేదు. ఇంటినుండి పారిపోయి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపన్నుడు కావాలనుకొన్నాడు. పెద్దలు పట్టి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూలులో. తండ్రి పోయాక తల్లి నగలు అమ్మి చదివించింది. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యసిస్తానన్నాడు. తల్లి అంగీకరించలేదు. మఠంలోని పెద్దలు కూడా వైద్యం చదివితే ఆశ్రమ వైద్యశాలల్లో సేవ చేయవచ్చునని సూచించారు. అంటే ఆయన వైద్యంలోకి వచ్చిన దారే పక్కదారి. పన్నెండవ తరగతి మార్కులు రాగానే ఇంటిల్లిపాదీ ఒక నిర్ణయానికి వచ్చేసే మన పద్ధతి వంటిది కాదు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా, గాంధీగారి పిలుపు విని ఖద్దరు శస్త్రచికిత్సా వస్త్రాలు ధరించారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్ల ఆచార్యునికి అది రుచించలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువస్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. ఆ తేడాను చిన్నదిగా భావించకండి. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకుడిగా చేరారు.

ఇక్కడ ఒక విషాదాన్ని చెప్పాలి. సుబ్బారావుగారి ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో మరణించారు. ప్రేగులు ఆహారాన్ని గ్రహించలేకపోవటం, ఎడతెగని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత, మనిషి చిక్కి శల్యం కావటం ఆ వ్యాధి లక్షణాలు. తరువాత ఆయనకూ అదే వచ్చింది; లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. ఈ వ్యాధి పేరు గుర్తుంచుకోండి.

రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ వైద్యుడితో పరిచయం వల్ల హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాల మీద దృష్టి పడింది. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ప్రయాణానికి సహాయం చేశారు. భార్య శేషగిరిగారిని స్వదేశంలో విడిచి, మూడేళ్లలో తిరిగి వస్తానన్న మాటతో బయలుదేరి, 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో అడుగుపెట్టారు. చేతిలో డబ్బు లేదు. అక్కడ వైద్యం చేయటానికి అనుమతి లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. పగలు చదువు.

ఈ భాగం దగ్గర నా కలం కొంచెం ఆగుతుంది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ పరీక్షలు పూర్తయ్యేవరకు, నేను ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా పనిచేశాను. పేరు చివర డాక్టరు అని రాసుకొనే హక్కు ఉండీ, పక్కదుప్పట్లు మార్చాను. మా ఊరికి రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆసుపత్రిలో ఉద్యోగం అని రాసేదాన్ని. ఇక్కడ పుట్టి పెరిగిన మీకు ఇది వినోదంగా తోచవచ్చు. కానీ మీ తల్లిదండ్రులు మీ పట్టాను అంత గట్టిగా పట్టుకొని కూర్చోవటానికి మూలం ఇటువంటి సంవత్సరాల్లోనే ఉన్నది. గుర్తింపు పొందిన పట్టా ఎంత ఖరీదైనదో, అది లేకుండా బతికినవారికి తెలుస్తుంది.

డిప్లొమా పూర్తయ్యాక సుబ్బారావుగారు హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతిని ఇద్దరూ రూపొందించి 1925లో ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ దానితో జతకడుతుంది. ఆ జంటను తగిన రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. దీనిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. మొదటి సంవత్సరం ప్రయోగశాలలో నేను ఈ పేరు బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకొన్నాను. ఆ సుబ్బారావు భీమవరంవాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అసలు అందం తరువాత ఉన్నది. కండరాల రసానికి ఈ పరీక్ష చేస్తే నీలిరంగు ఉండవలసినంత వేగంగా రాలేదు. మెల్లమెల్లగా ముదిరింది. మరొకరైతే ప్రయోగంలో లోపమని పారబోసేవారు. వీరు కారణం వెదికారు. కండరంలో ఇంతవరకు తెలియని ఒక భాస్వర పదార్థం ఉన్నదని, ఆమ్లంలో అది కొంచెం కొంచెంగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్నదని తేలింది. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి. అనే అణువును కండరం నుండి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా దానిని కనుగొన్నాడు. ఈ వాక్యం చదువుతూ మీ కనుగుడ్డు ఇటు నుండి అటు కదిలిందంటే, ఆ కదలికకు చెల్లుతున్న నాణెం ఏ.టి.పి. అంతకుముందు కండరం ముడుచుకోవటానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం రాజ్యమేలేది. దానికి సంబంధించిన కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. బోస్టన్ నుండి వచ్చిన ఈ ఫలితాలు ఆ సిద్ధాంతాన్ని కదిలించాయి.

1930లో హార్వర్డ్ డాక్టరేటు వచ్చింది. శాశ్వత పదవి మాత్రం రాలేదు. సంవత్సరాల తరబడి చిన్న హోదాలోనే ఉండిపోయారు. అదే విభాగంలో విద్యార్థిగా ఉండి, తరువాత 1988లో నోబెల్ అందుకొన్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావుగారి పరిశోధనల్లో కొన్ని ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని తరువాతి కాలంలో చెప్పారు. సుబ్బారావుగారు స్వయంగా ఫిర్యాదు చేసిన దాఖలాలు నా కంట పడలేదు. ఈ మౌనాన్ని మన సభల్లో వినయంగా మెచ్చుకొంటారు. నాకు మెచ్చుకోవాలనిపించదు. మీ పని మీద మీ పేరు ఉండేలా చూసుకోండి.

1940లో విశ్వవిద్యాలయం వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. కొద్దికాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ కాలపు విద్వాంసుల దృష్టిలో ఇది ఒక మెట్టు దిగటమే. హార్వర్డ్ అనే పేరు వదులుకొని వ్యాపార సంస్థలో జీతానికి చేరటం! మొదట వైద్యం వదిలారు, తరువాత ఆచార్యత్వం వదిలారు. తరువాతి ఎనిమిదేళ్లలో జరిగినదాన్ని నేను కాస్త వివరంగా చెబుతాను; వైద్యురాలిగా నాకు ఇష్టమైన భాగం ఇదే.

1930 ప్రాంతాల్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారంతో అది నయమవుతున్నదని చూపింది. అందులో ఏమున్నదో తెలియదు. ఇక్కడి పిల్లలు రొట్టెకు పూసుకొని తినే నల్లని ముద్దకు దగ్గరి చుట్టమే ఆ ఈస్టుసారం. ఆ అజ్ఞాత పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దానిని శుద్ధిచేసి, నిర్మాణం తెలుసుకొని, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసినది సుబ్బారావుగారి బృందం. పెర్నీషియస్ అనీమియాకు అసలు మందైన బి12 విటమిన్ మాత్రం ఆయన ఏళ్ల తరబడి వెదికినా చిక్కలేదు. 1948లో వేరే సంస్థలవారు దానిని వేరుచేశారు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్య నిపుణుడు, రక్తక్యాన్సరు ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఇస్తే వ్యాధి మరింత విజృంభించినట్లు గమనించాడు. అయితే ఆ విటమిన్‌ను అడ్డుకొంటే వ్యాధి తగ్గాలి కదా! లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన వేషధారి అణువులను తయారుచేశారు. భిక్షువు వేషంలో వచ్చిన రావణుడిని గుర్తించలేనట్లే, కణం ఆ అణువును విటమిన్ అనుకొని లోపలికి రానిస్తుంది. ఆపైన విభజన ఆగిపోతుంది. అమినోప్టెరిన్ అనే ఆ మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకకు తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. అప్పటిదాకా ఆ వ్యాధి వచ్చిన పిల్లలకు వారాలు లెక్కపెట్టటం తప్ప వైద్యులు చేయగలిగినది లేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే నేను రాసే మెథోట్రెక్సేట్.

యుద్ధకాలంలో పసిఫిక్ ద్వీపాల్లో అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెదికే పని కూడా ఈ ప్రయోగశాల చేపట్టి, 1947లో హెట్రజాన్‌ను వెలికితెచ్చింది. డైఇథైల్‌కార్బమజీన్ అన్న పేరుతో ఈనాటికీ భారతదేశంలో ప్రభుత్వం ఇంటింటికీ పంచే బోదకాలు మందు ఇదే. గోదావరి జిల్లాల్లో పుట్టిన మీ తాతమ్మలను అడగండి, బోదకాలు అంటే ఏమిటో చెబుతారు. విశ్రాంత వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, ఈ ప్రయోగశాలలోనే మట్టి నమూనాలు పరీక్షిస్తూ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది.

ఇప్పుడు స్ప్రూ వ్యాధిని మళ్లీ గుర్తుచేసుకోండి. ఉష్ణమండల స్ప్రూకు మేము చదువుకొన్న పుస్తకాల్లోని చికిత్స రెండు మందుల కలయిక: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు వాడాలి. మొదటిది ఆయన బృందం తయారుచేసింది. రెండవదాని వంశానికి ఆద్యమైన మందు ఆయన ప్రయోగశాలలో పుట్టింది. మద్రాసులో ఎం.బి.బి.ఎస్. వచ్చి, ఎక్కడో ఒక తాలూకా ఆసుపత్రిలో కుదురుకొని ఉంటే, తన సోదరుల వంటి రోగులు వచ్చినప్పుడు ఆయన చేతిలో ఏ మందూ ఉండేది కాదు.

మనం ఉన్న దేశానికి వద్దాం. 2009 సెప్టెంబరు నుండి ఆస్ట్రేలియాలో రొట్టెలు చేసే గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లం కలపటం తప్పనిసరి. గర్భస్థ శిశువుల వెన్నుపాము లోపాలు ఆ తరువాత తగ్గాయి, ముఖ్యంగా ఆదివాసీ తల్లుల బిడ్డల్లో. ఫోలేట్‌కూ ఈ లోపాలకూ ఉన్న సంబంధం మీద పెర్త్‌లో పనిచేసినవారిలో ఫియోనా స్టాన్లీ ఒకరు. ఆమె కూడా పిల్లల వైద్యురాలిగా మొదలుపెట్టి, ఆదివాసీ పిల్లలకు వైద్యం చేసి మళ్లీ అవే పరిస్థితుల్లోకి పంపటం వ్యర్థమనిపించి, వ్యాధివిస్తరణ శాస్త్రం వైపు వెళ్లారు. 2003లో ఈ దేశం ఆమెను ఆ ఏటి ఆస్ట్రేలియన్‌గా గౌరవించింది. ఆమె తల్లి ఎక్కడైనా చెప్పుల అరల దగ్గర కన్నీరు పెట్టుకొన్నదో లేదో నాకు తెలియదు!

ఆ అమ్మాయి వంటివారికి ఉపయోగపడే సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడి మెడికల్ బోర్డు వైద్యవృత్తికి ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. రోగిని స్వయంగా చూడటమే కానక్కరలేదు. వైద్యజ్ఞానాన్ని ఉపయోగించే పరిశోధన, బోధన, పాలన, ఔషధ నియంత్రణ కూడా వృత్తి కిందికే వస్తాయి. ఏడాదికి 152 గంటలు గాని, మూడేళ్లలో 456 గంటలు గాని అటువంటి పని చేస్తే వృత్తితో సంబంధం తెగలేదని లెక్క. ఆసుపత్రుల నిర్వహణకు వైద్యుల కోసమే ప్రత్యేక కళాశాల ఉన్నది. కాన్‌బెర్రాలోని థెరప్యూటిక్ గూడ్స్ అడ్మినిస్ట్రేషన్‌లో కొత్త మందుల పత్రాలు పరిశీలించేవారిలో వైద్యులు ఉన్నారు. ప్రజారోగ్యం, న్యాయవైద్యం, ఆరోగ్య సమాచార వ్యవస్థలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ వదులుకోకుండా వెళ్లటం మంచిది. తిరిగి రావాలనిపిస్తే తలుపు తెరిచి ఉంటుంది. ఇది నేను తల్లి పక్షాన ఇచ్చే సలహా. జీతం మొదట్లో తగ్గవచ్చు. రాత్రి డ్యూటీలతో అలసిపోయి పారిపోవటానికీ, ఒక ప్రశ్న పిలిస్తే వెళ్లటానికీ ఉన్న తేడా ఆ అమ్మాయికి మాత్రమే తెలుస్తుంది. మొదటిదే అయితే, ఆరు నెలల సెలవు చాలునేమో.

సుబ్బారావుగారిని దేవుణ్ణి చేసి ఈ వ్యాసం ముగించటం నాకు ఇష్టం లేదు. మూడేళ్లలో వస్తానన్నవారు రాలేదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. చివరిదాకా భారతీయుడిగానే ఉన్నారు, భారతదేశానికి మాత్రం వెళ్లలేదు. కారణాలు అనేకం ఊహిస్తారు: ధనం లేకపోవటం, వదిలివెళితే ఆగిపోయే పని, తరువాత యుద్ధం. నేను ఆయన పనికి రోజూ ఋణపడి ఉన్నాను. అయినా ఒక స్త్రీగా ఆయన్ని ఈ విషయంలో క్షమించటం నాకు పూర్తిగా సాధ్యం కాలేదు. మనం వృత్తి మార్పు గురించి మాట్లాడేటప్పుడు మారే మనిషి గురించే మాట్లాడుతాం. ఇంటి దగ్గర ఎదురుచూసేవారి ఖాతాలో పడిన ఖర్చును ఎవరూ రాయరు. అందుకే ఆ తల్లి కన్నీటిని నేను తేలికగా తీసుకోలేదు. అమ్మాయి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఎన్నేళ్లు పడుతుందో, అప్పు ఎలా తీరుతుందో చెప్పిన తరువాతే రాజీనామా ఇవ్వాలని అడిగాను. ఒప్పుకొన్నది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు వెలువడ్డాయి. జూలైలో ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైంది. ఆగస్టు 8వ తేదీ రాత్రి సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయసు 53. తరువాత ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరం 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయనకూ శేషగిరిగారికీ పుట్టిన ఒక్క కుమారుడు పసితనంలోనే పోయాడు. ఆమె భర్తను చివరిసారి చూసినది 1922లో.